తలుపుల్లేని మాట

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి తలుపుల్లేవు. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. ఒకప్పుడు దొంగల భయంతో తలుపు పెట్టబోతే అమ్మవారు వద్దందనీ, అందుకోసం తెచ్చిన చెక్క గుడి వెనక వేళ్లూని చెట్టయిందనీ ఊళ్లో చెబుతారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌వాళ్లు రాకెట్ ఎగరేసే ముందు వచ్చి దండం పెట్టుకునే గుడి ఇదే. దీని గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు రాయాల్సి వస్తే చిన్న చిక్కు ఎదురవుతుంది. ఈ తెరిచి ఉండటం 'కంటిన్యువస్' అవుతుందా, 'కంటిన్యువల్' అవుతుందా?

వినడానికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. పాత ఇంగ్లీషు రచనల్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడినవాళ్లూ ఉన్నారు. జాగ్రత్తగా రాసేవాళ్లు మాత్రం తేడా పాటిస్తారు. మధ్యలో సందు లేకుండా సాగేది కంటిన్యువస్. ఆగుతూ, మళ్లీ మళ్లీ వచ్చేది కంటిన్యువల్. శ్రీహరికోట పక్కనే ఉంది కాబట్టి రాకెట్‌నే తీసుకుందాం. పీఎస్ఎల్‌వీ మొదటి దశలో ఉండేది ఘన ఇంధనం. ఒకసారి అంటుకుందంటే అయిపోయేదాకా మండాల్సిందే, మధ్యలో ఆపే వీలు లేదు. నాలుగో దశది ద్రవ ఇంధనం. దాన్ని ఆపి, కాసేపు ఊరికే తిరగనిచ్చి, మళ్లీ వెలిగించవచ్చు. మొదటి మంట కంటిన్యువస్. నాలుగోది కంటిన్యువల్‌కు దగ్గర. గుడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మరి తెలుగులో? రెండింటికీ 'నిరంతరం' అనేసి చేతులు దులుపుకుంటాం. అలాగని మన భాషకు ఈ తేడా తెలియదనుకుంటే పొరపాటు. తెలుగు ఆ పనిని విశేషణానికి అప్పజెప్పలేదు, క్రియ చివర దాచింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇక్కడి ఇంటి అరుగు మీద కూచుని వినండి. 'వాన పడతా ఉంది' అంటారు. ఇప్పుడు, కళ్లెదుట, తెంపు లేకుండా అని. 'కార్తీకంలో వాన పడతా ఉంటుంది' అంటారు. పడుతుంది, వెలుస్తుంది, మళ్లీ పడుతుంది అని.

ఈ కీలును విప్పి చూస్తే మూడు ముక్కలు. 'పడు' పని పేరు చెబుతుంది. 'తూ' (ఇక్కడి నోట్లో 'తా') పని ఇంకా ముగియలేదని చెబుతుంది. వ్యాకరణం దీన్ని శత్రర్థకం అంటుంది. మూడోది 'ఉండు'. మొదటి రెండు ముక్కలూ రెండు వాక్యాల్లోనూ ఒకటే. మూడోదాన్ని 'ఉంది' అని బిగిస్తే కంటిన్యువస్, 'ఉంటుంది' అని వదులు చేస్తే కంటిన్యువల్. ఇంగ్లీషు రెండు విశేషణాలతో చేసిన పనిని తెలుగు ఒక చిన్న మరతో ముగించింది. దీని మీద ఇంకొక మెలిక కూడా వేయవచ్చు. 'పడుతూనే ఉంది' అన్నామంటే, ఆ 'నే'తో వాన మీద విసుగు కూడా వాక్యంలోకి వచ్చేస్తుంది. ఆ 'నే'లో ఉన్న 'ఏ' ఒక్క అచ్చే కదా!

ఇంకొక పనిముట్టు, మాటను రెండుసార్లు పలకడం. పదేపదే, మాటిమాటికీ, ఏటేటా. పులికాట్‌కు ఫ్లెమింగోలు ఏటేటా వస్తాయి. ఇంగ్లీషులో దీన్ని 'పెరెన్నియల్' అంటే ఆ మాట మూలానికి అతకదు. లాటిన్‌లో 'పెర్' అంటే పొడవునా, 'అన్నుస్' అంటే ఏడాది. ఏడాది పొడవునా పారే నది పెరెన్నియల్. తెలుగు ఆ నదిని కాలంతో కొలవకుండా ప్రాణం పోసి 'జీవనది' అంది. వానల మీద బతికే మా కాళంగికి ఆ పేరు దక్కదు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల తయారీ వేరు. ఇంగ్లీషులో రోజే అనే ఆయన తన పర్యాయపద కోశాన్ని 1852లో అచ్చు వేశాడు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే సంస్కృతంలో అమరసింహుడు తన కోశంలో ఒకే అర్థమున్న మాటల్ని ఒకచోట పేర్చాడు. ఎడతెగనితనానికి అక్కడ కనిపించే మాటల్లో చాలావాటికి ముందు ఒక 'అ' ఉంటుంది. అలసట లేనిది అశ్రాంతం. విరతి లేనిది అవిరతం. అడ్డొచ్చేదాన్ని తీసేస్తే మిగిలేదే కొనసాగడం. ఏది తీసేశారన్నదాన్ని బట్టి వాడుక మారుతుంది. అలసిపోగలిగిన మనిషి అశ్రాంతంగా పనిచేస్తాడు గానీ, రోడ్డు మీద గీత అశ్రాంతంగా సాగిందంటే నవ్వొస్తుంది. వీటిలో నాకు ముద్దొచ్చేది 'అనిశం'. నిశ అంటే రాత్రి. రాత్రి వచ్చిందని ఆగనిది అనిశం. చెంగాళమ్మ గుడికి సరిగ్గా సరిపోయే మాట అదే.

'అ' లేని మాట ఒకటుంది, సంతతం. 'సం' అంటే కలిపి, 'తత' అంటే సాగదీసినది. తంతువు, తంత్రి, సంతానం, అన్నీ ఆ 'తన్' ధాతువువే. 'కంటిన్యువస్' నడుమ ఉన్న 'టిన్' లాటిన్ 'తెనేరే' నుంచి వచ్చింది. పట్టి ఉంచడం అని దాని అర్థం. భాషాశాస్త్రం ప్రకారం ఆ లాటిన్ మాటా, మన 'తన్' ధాతువూ ఒకే మూలం నుంచి వచ్చినవి.

శాశ్వతం మాటెత్తితే కొంచెం జంకు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అందుకే బజారులో ఎవరూ శాశ్వతాన్ని అడగరు, 'మన్నిక' అడుగుతారు. ఇది అచ్చంగా మన మాట. మన్ను అంటే చెడకుండా నిలవడం. మనుగడ, మనడం దీని చుట్టాలే. ఇక్కడికి దక్షిణాన కాస్త దూరంలోనే మొదలయ్యే తమిళంలోనూ 'మన్ను' అంటే నిలిచి ఉండటమే. ఇంగ్లీషులో దీనికి దీటైనది 'లాస్ట్' అనే క్రియ. అడుగుజాడ అనే పాత మాట నుంచి పుట్టింది. జాడ వెంట నడవడం, నడుస్తూ పోవడం, చివరికి నిలిచి ఉండటం, ఇలా అర్థం సాగింది. చెప్పులు కుట్టేటప్పుడు లోపల పెట్టే కొయ్యపాదం పేరు కూడా ఇంగ్లీషులో 'లాస్ట్'. అదీ ఆ అడుగుజాడ నుంచే. చెప్పును చేతిలో అటూఇటూ వంచి, అట్ట గోటితో గీరి చూసి, 'మన్నుతాయా?' అని అడిగేవాళ్లకు ఈ సంగతి చెబితే ఒకసారి అడుగు వైపు చూస్తారు, తరవాత ధర అడుగుతారు.