చేపల తొట్టికి చక్కెర సీసా

అద్దాల తొట్టిలో చేపలతో పాటు నీటిమొక్కలు పెంచేవారి నోట ఒక చిట్కా తరచు వినవస్తుంది. రెండు లీటర్ల సీసాలో గోరువెచ్చని నీరు, గ్లాసెడు చక్కెర, పావు చెంచా ఈస్టు వేయాలి. మూతకు బెజ్జం చేసి సన్నని గొట్టం బిగించి, దాని కొస తొట్టిలో ముంచాలి. కొన్ని గంటలకు బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వస్తుంది. అది మొక్కకు ఆహారం. చిట్కా ఇంతటితో ముగుస్తుంది. చేపల సంగతి అందులో లేదు.

ఇందులోని రసాయనశాస్త్రం సరియైనదే. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. 200 గ్రాముల చక్కెర నుండి హెచ్చుగా రమారమి 100 గ్రాముల వాయువు రాగలదు. మునిగిన మొక్కకు ఈ వాయువు కరవన్న మాటా నిజమే. వాయువులు గాలిలోకంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపిస్తవి. గాలి తగిలే నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే కరిగి ఉంటుంది. మొక్కల ప్రియులు కోరేది 20 నుండి 30 మిల్లీగ్రాములు.

చిక్కు కొలతలో వచ్చింది. నిమిషానికి ఇన్ని బుడగలని లెక్కపెట్టమంటారు. బుడగ పరిమాణం గొట్టాన్నిబట్టి మారుతుంది. పైకి తేలి పగిలిన బుడగ మొక్కకు దక్కదు. పైగా సీసాలో ఉన్నది ప్రాణి. ఎండాకాలంలో అది మొదటి రోజులలోనే విజృంభించి, తరువాత తాను చేసిన ఆల్కహాలులోనే నీరసిస్తుంది.

ఇంతకంటె పెద్ద లోపం రాత్రిని మరచుట. లీడ్సులో బీరు తొట్లమీద నిలిచే ఈ వాయువును నీటిలో కరిగించి చూసిన ప్రీస్ట్‌లీయే, 1771లో కొవ్వొత్తి చెరిపిన గాలిని పుదీనా కొమ్మ బాగుచేయుట కనుగొన్నాడు. చిట్కా అక్కడికి వచ్చి ఆగింది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు ఆకులను నీట ముంచి పరీక్షించి, ఈ మేలు వెలుతురులోనే జరుగుతుందనీ, చీకటిలో మొక్కలు కూడా గాలిని చెరుపుతవనీ చూపాడు. దీపం ఆర్పినంత మాత్రాన ఈస్టు పని మానదు గదా! మొక్కలు, చేపలు, సీసా మూడూ కలిసి రాత్రంతా అదే వాయువును నీటిలోకి వదులుతవి. అది హెచ్చితే చేప నెత్తురు ప్రాణవాయువును సరిగా మోయలేదు. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తుంటవి.

రాత్రి గొట్టాన్ని తొట్టిలోనుండి తీసివేసి, చిన్న గాలిపంపుతో నీటి పైభాగాన్ని కదిలించాలి. కరిగినదెంతో తెలియుటకు, రంగు మారే ద్రావకంగల చిన్న గాజుబుడ్డి తొట్టిలో వేలాడదీస్తారు. పచ్చబడితే చాలినంత, పసుపైతే అపాయం. అదీ ఒకటి రెండు గంటలు ఆలస్యంగానే చెబుతుంది.

అసలీ సీసా అవసరమా అని చిట్కా అడగనే అడగదు. వెలుతురు తక్కువైన తొట్టిలో నెమ్మదిగా పెరిగే మొక్కలకు అక్కరలేదు. తొట్టి అడుగున మట్టి పరిస్తే, అందులో కుళ్లే పదార్థమే ఈ వాయువునిస్తుందని డయానా వాల్‌స్టాడ్ 1999లో తన గ్రంథంలో వాదించింది. అయినా సీసా పెట్టదలచినవారు సీసాకు, తొట్టికి నడుమ నీళ్లుపోసిన మరొక చిన్న సీసా ఉంచాలి; పొంగిన చక్కెర నురుగు అందులో ఆగుతుంది. గాజుసీసా మాత్రం వాడరాదు. గొట్టం పూడుకొంటే పగులుతుంది.