ఇంటి సర్వర్ వేరు, ఆటల పెట్టె వేరు

హైదరాబాద్ శివార్లలోని పటేల్‌గూడ, బీరంగూడ, అమీన్‌పూర్ వైపు ఇళ్లలో పిల్లలకు ఆటల కంప్యూటర్ మీద మనసు, పెద్దలకు ఫోన్ల నిండా పేరుకున్న ఫొటోల బెంగ. ఒక్క యంత్రం కొంటే రెండూ తీరతాయనుకుంటారు. రెండూ వేర్వేరుగా పెట్టుకోండి అంటాను నేను. కారణం కరెంటు. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఊరికే ఉన్నా 70 వాట్ల దాకా లాగొచ్చు. సర్వర్‌లా రాత్రింబవళ్లు నడిపితే నెలకు 50 యూనిట్లు. ఆఫీసులు వాడి అమ్మేసే అరచేయంత డెస్క్‌టాప్‌కు 15 వాట్లు చాలు, అంటే 11 యూనిట్లు.

అలాంటివి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ కంప్యూటర్ మార్కెట్ చుట్టుపక్కల వెతకండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లలో దాదాపు అన్నిటినీ విండోస్ 11 ఒప్పుకోదు. లినక్స్‌కు ఆ పేచీ లేదు కాబట్టి మన సర్వర్‌కు అవి సరిపోతాయి. పైగా ఏడో తరం చిప్పు హెచ్‌ఈవీసీ వీడియోను కూడా శ్రమ లేకుండా విప్పుతుంది. 8 జీబీ ర్యామ్ చాలు. హార్డ్ డిస్క్ మాత్రం కొత్తదే కొనాలి. అక్కడ బేరం పనికిరాదు.

సర్వర్‌లో మొదట పెట్టాల్సింది ఇమ్మిచ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి హద్దులేని ఉచిత నిల్వ ఆపేశాక ఇలాంటిదాని అవసరం అందరికీ తెలిసొచ్చింది. ఫోన్‌లో తీసిన ఫొటో దానంతటదే ఇంటి డిస్క్‌లోకి చేరుతుంది. ముఖాలు గుర్తుపట్టే పని కూడా మన యంత్రంలోనే జరుగుతుంది. సినిమాలకు, పాటలకు జెల్లీఫిన్. దాని పుట్టుకలోనే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సంప్రదాయం విలువ ఉంది. 2018లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన సోర్స్ కోడ్‌ను మూసేసింది. అప్పటిదాకా బయట ఉన్న కోడ్‌ను తీసుకుని కొందరు జెల్లీఫిన్‌ను నిలబెట్టారు. కోడ్ అందరిదీ అయితే ఎవరో తలుపు వేసినంత మాత్రాన మన ఇల్లు చీకటి కాదు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్ (గ్నూ/లినక్స్ వాడుకరుల) బృందాలతో విద్యార్థులకు లినక్స్ నేర్పింది. ఆ బృందాలకు మనం చాలా రుణపడి ఉన్నాం.

బయటి నుంచి ఇంటి సర్వర్‌ను చేరడంలో ఒక చిక్కుంది. మన ఇంటర్నెట్ కంపెనీలు చాలావరకు ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తాయి కాబట్టి రౌటర్‌లో పోర్ట్ తెరిచినా లాభం ఉండదు. టెయిల్‌స్కేల్ అనే యాప్ రెండింటిలో వేసుకుంటే సర్వర్, ఫోన్ రెండూ లోపలి నుంచే బయటికి వెళ్లి కలుసుకుంటాయి. పోర్ట్ తెరవకపోవడం భద్రతకూ మంచిదే.

ఇక ఆటల పెట్టె. అందరూ గ్రాఫిక్స్ కార్డు గురించే అడుగుతారు, నేను కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ గురించి అడుగుతాను. వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే చోట నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మిగతా భాగాలనూ కాల్చగలదు. ముందు గోడ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. ఆట మధ్యలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా లాగితే చేతులెత్తేస్తుంది. దాన్ని సర్వర్‌కు, రౌటర్‌కు కేటాయించి, ఆటల పెట్టెకు 1000 వీఏ పైబడినది చూడండి. మన దగ్గర లారీల దుమ్ము, కొత్త కట్టడాల సిమెంటు గాల్లోనే ఉంటాయి. అందుకే అద్దాల క్యాబినెట్ వద్దు. ముందువైపు జాలీ, ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది కొనండి. ఏప్రిల్, మే ఎండల్లో కార్డు పవర్ లిమిట్‌ను కాస్త దించితే ఆట వేగం పెద్దగా తగ్గదు, గది మాత్రం తక్కువ వేడెక్కుతుంది.

సర్వర్ పెట్టిన రోజే రెండో డిస్క్ కొని ఫొటోలన్నీ దానిలోకి ఎక్కించి ఊళ్లో అమ్మానాన్నల బీరువాలో పెట్టండి. పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్త ఫొటోలు అందులోకి చేర్చండి. అందులోంచి నాలుగు ఫొటోలు తిరిగి తీసి చూసేదాకా అది బ్యాకప్ కిందికి రాదు. సర్వర్‌ను ఎలా ఆపాలో, ఎలా మొదలుపెట్టాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి యూపీఎస్‌కు అతికించండి. మీరు డ్యూటీలో ఉండగా కరెంటు పోతే ఇంట్లోవాళ్లకు అదే దిక్కు.