ఒప్పించే ప్రేమ: చేతన్ భగత్ ‘2 స్టేట్స్’ నవలపై ఒక పరిశీలన

చేతన్ భగత్‌ను మన సాహిత్య విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. ఆయన ఇంగ్లీషు తేలిక, కథ తేలిక, పుస్తకం వెల కూడా తేలిక కనుక విమర్శకు తగినవాడు కాడని వారి భావన. ఈ వైఖరి సరైనది కాదు. 2004లో ‘ఫైవ్ పాయింట్ సమ్‌వన్’తో మొదలుపెట్టి, అంతవరకు ఇంగ్లీషు నవల జోలికి పోనివారి చేత కూడా ఆయన ఇంగ్లీషు నవలలు చదివించాడు. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన మా విద్యార్థులు కొందరు నిఘంటువు పక్కన పెట్టుకొని మొట్టమొదట పూర్తిచేసిన ఇంగ్లీషు నవల ఆయనదే. అటువంటి రచయిత ప్రేమను గురించి, పెళ్లిని గురించి ఈ పిల్లలకు ఏమి చెబుతున్నాడో చూడటం ఉపాధ్యాయులుగా మన బాధ్యత.

ఒకసారి తరగతిలో వరకట్నం మీద చర్చ నడుస్తున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, “సార్, ‘2 స్టేట్స్’ చదివారా? అందులో అన్ని అడ్డంకులూ దాటి పెళ్లి చేసుకుంటారు. అది అభ్యుదయం కాదా?” అని అడిగాడు. అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాసిన సమాధానం.

2009లో వెలువడిన ఈ నవల కథ చాలామందికి తెలిసినదే. 2014లో హిందీ సినిమాగా కూడా వచ్చింది. క్రిష్ మల్హోత్రా ఢిల్లీ పంజాబీ. అనన్య స్వామినాథన్ మద్రాసు తమిళ బ్రాహ్మణ యువతి. అహమ్మదాబాద్ మేనేజ్‌మెంటు సంస్థ భోజనశాలలో సాంబారు దగ్గర పరిచయమై ప్రేమించుకుంటారు, చదువు పూర్తికాగానే పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు సంపాదిస్తారు. పారిపోయి పెళ్లి చేసుకోవడానికి ఇద్దరూ ఇష్టపడరు. రెండు కుటుంబాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పించడమే కథ. రచయిత తన పెళ్లి అనుభవం ఆధారంగా రాసి, పుస్తకాన్ని అత్తవారికే అంకితమిచ్చాడు. ఆ అంకితంలోనే నవల స్వభావం సగం తెలిసిపోతుంది.

ముందుగా గుణం చెప్పుకోవాలి. భగత్ చూపు చురుకైనది. మధ్యతరగతి ఇంట్లో పెళ్లిమాట ఎత్తగానే మనుషుల నోట ఎటువంటి మాటలు వస్తాయో ఆయనకు బాగా తెలుసు. దక్షిణాదివారి రంగు గురించి పంజాబీ బంధువుల ఎత్తిపొడుపులు, పెట్రోలు బంకులున్న సంబంధం కోసం తల్లి పడే ఆరాటం, అమెరికాలో ఉన్న సొంత కులం కుర్రవాడి కోసం తమిళ కుటుంబం ఎదురుచూపు, ఇవన్నీ నిజమైన లోకంలోనివి. మనం నవ్వుతాము. ఆ నవ్వులో కొంత సిగ్గు కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ మాటలు మన ఇళ్లలోనూ విన్నవే.

కాని అడ్డంకులు దాటే విధానం చూడండి. అనన్య తమ్ముడికి క్రిష్ తెల్లవారుజామున ఐఐటీ ప్రవేశపరీక్ష పాఠాలు చెబుతాడు. బ్యాంకులో పనిచేసే తండ్రికి కంప్యూటరు మీద ఉపన్యాస పత్రం తయారుచేసి పెడతాడు. సంగీతం వచ్చిన తల్లికి తన బ్యాంకు జరిపే కచేరీలో పాడే అవకాశం కల్పిస్తాడు. చివరకు ఇంటిల్లిపాదికీ ఉంగరాలిచ్చి, తనను అల్లుడిగా చేసుకొమ్మని అడుగుతాడు. ఇది ప్రేమకథ కంటె మేనేజ్‌మెంటు విద్యార్థి రాసిన ప్రాజెక్టు నివేదికకు దగ్గరగా ఉన్నది. ఖాతాదారుకు ఏమి కావాలో కనుక్కో, అది అందించు, సంతకం తీసుకో.

ఈ పద్ధతి ఎవరికి సాధ్యం? ఐఐటీ, ఐఐఎం పట్టాలూ విదేశీ బ్యాంకు ఉద్యోగమూ చేతిలో ఉన్నవాడికి సాధ్యం. క్రిష్ పెళ్లి బజారులో అందరికంటె ఎక్కువ ధర పలికే వరుడు. అతని తల్లి గర్వమంతా దానిమీదే. తమిళ కుటుంబానికి అతనిలో ఉన్న లోపం భాష, భోజనం, కులం. అయితే ఆ కులభేదం కూడా రెండు పైకులాల మధ్య భేదమే. అందువల్ల దాన్ని రాష్ట్రభేదంగా పేరు మార్చి చూపడం రచయితకు సులువైంది. నవల చివర, పుట్టిన కవలలది ఏ రాష్ట్రమన్న ప్రశ్న వస్తే తండ్రి దేశం పేరు చెబుతాడు. పాఠకుడు తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఆ పిల్లలది ఏ కులమని మాత్రం ఎవరూ అడగరు. మన దేశంలో మొదట అడిగేది ఆ ప్రశ్నే.

క్రిష్ స్థానంలో ఒక దళిత యువకుణ్ణి నిలబెట్టండి. అవే పట్టాలు, అదే ఉద్యోగం, అదే ఓర్పు. ట్యూషను చెప్పినందుకూ కచేరీ ఏర్పాటు చేసినందుకూ ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుందా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పైకులం యువతిని పెళ్లాడిన దళిత యువకుణ్ణి గర్భవతియైన భార్య కళ్లెదుటే కిరాయి హంతకుడు నరికి చంపాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం మాత్రమే. పెద్దలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే పెళ్లి అన్న నీతి ఈ పరిస్థితిలో ఎవరి చేతికి అధికారం ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పెద్దల అనుమతితో పనిలేకుండా పెళ్లి చేసుకునే హక్కును 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇచ్చింది. ఈ ప్రేమికులకు ఆ చట్టం అవసరమే కలగదు.

హాస్యానికి ఇంత బరువు మోపవచ్చునా అని కొందరు అడగవచ్చు. మోపవచ్చునని గురజాడ చూపించాడు. 1892లో రంగస్థలమెక్కి, 1909లో పెంచి తిరగరాసిన రూపంలో వెలువడిన ‘కన్యాశుల్కం’ కూడా పెళ్లి చుట్టూ అల్లిన హాస్యమే. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు అమ్మినప్పుడు మనం పగలబడి నవ్వుతాము. కాని ఆ నవ్వుకు మూలం పిల్లను అమ్మే బేరమే. ఆ బేరాన్ని గురజాడ ఎక్కడా మరుగుపరచలేదు. ముగింపులో గిరీశానికి బుచ్చమ్మను కట్టబెట్టి ప్రేక్షకుణ్ణి సంతోషపెట్టనూ లేదు.

భగత్‌కు ఆ శక్తి బొత్తిగా లేదనలేము. నవలలో రెండు ఘట్టాలు అందుకు సాక్ష్యం. క్రిష్ బంధువుల ఇంటి పెళ్లిలో వరుని వైపువారు పెద్ద కారు కావాలని పట్టుపడితే, అనన్య వరుణ్ణే నిలదీసి పెళ్లి నిలబెడుతుంది. ఇది మంచి ఘట్టం. అయితే ఆ ధైర్యానికి ఫలితం క్రిష్ బంధువుల మెప్పు. కట్నాన్ని ప్రశ్నించిన యువతికి కోడలిగా మార్కులు పడతాయి, అంతే.

రెండవది క్రిష్ తల్లి పాత్ర. భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న స్త్రీ ఆమె. కొడుకు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. మగపెళ్లివారి మర్యాద కోసం ఆమె చేసే రభస పైకి హాస్యంగా కనిపిస్తుంది. లోపల, జీవితంలో ఒక్కసారైనా ఎవరైనా తనకు తలవంచాలన్న ఆకలి ఉన్నది. అత్తగారి పెత్తనం ఎక్కడ పుడుతుందో రచయిత ఇక్కడ దాదాపు పట్టుకున్నాడు. కాని అక్కడ నిలవడు. గోవాలో రెండు కుటుంబాల మధ్య సంబంధం తెగిపోయాక, దాన్ని తిరిగి కలిపేది ఎవరు? ఆ భర్తే. ఎవరికీ చెప్పకుండా మద్రాసు వెళ్లి అనన్య తల్లిదండ్రులను ఒప్పిస్తాడు. కొడుకు తండ్రిని క్షమిస్తాడు. దెబ్బలు తిన్న భార్యకు న్యాయం జరగకుండానే, చేయిచేసుకున్న ఇంటిపెద్ద మాటతో కథ సుఖాంతమవుతుంది. పితృస్వామ్యం సృష్టించిన చిక్కును పితృస్వామ్యమే విప్పింది. అందుకు మనం దానికి కృతజ్ఞత చెప్పుకోవాలి!

ఆ విద్యార్థికి ఇప్పుడు నేను ఇలా చెబుతాను: ఈ నవల చదువు, నవ్వు. ఇష్టపడ్డ మనిషిని పెళ్లాడాలన్న కోరిక న్యాయమైనదని అది నీకు చెప్పింది. ఆ మేరకు అది మంచి పనే చేసింది. కాని నీకు పెద్ద పట్టా లేకపోయినా, నీ కులం పైమెట్టు మీదిది కాకపోయినా, వారు ఒప్పుకోకపోయినా ఆ కోరిక అంతే న్యాయమైనది. ఆ సంగతి ఈ నవల చెప్పదు. దాన్ని నవ్విస్తూనే చెప్పగల రచయిత మన తరగతి గదుల్లోనుంచే రావాలి. తన భాషలో, తన వాడలో జరిగిన పెళ్లిగొడవను రాయడానికి వాడికి మేనేజ్‌మెంటు పట్టా అక్కరలేదు.