నా గురించి నాలుగు ముక్కలు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో నాకు జీతం లేని పని ఒకటి అంటుకుంది. తెలుగువాళ్లెవరైనా సంఘం ఎన్నికల్లో నిలబడినా, గుడి కమిటీలో చేరబోతున్నా, స్కూల్ బోర్డుకి పోటీ చేద్దామనుకున్నా, “నా గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టండి” అంటూ వాట్సాప్‌లో వివరాలు పంపుతారు. అవెప్పుడూ ఒకే వరసలో వస్తాయి. కుటుంబం, చదువు, ఉద్యోగం, చివర్న విలువలు. మొదటి మూడూ గడగడా రాసేస్తారు. నాలుగోదాని దగ్గర తడబడి, చేతికందిన విశేషణాలన్నీ దించేస్తారు. మృదుస్వభావి, సేవాతత్పరుడు, నిగర్వి. తాను నిగర్వినని తానే రాసుకున్న మనిషిని చూసి చదివేవాళ్లేమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ వరస మనకు ఊళ్ల నుంచే వచ్చింది. కొత్త మొహం కనబడగానే “ఎవరి తాలూకు?” అని అడగడం మన అలవాటు. తాత పేరు చెబితే చాలు, పొలమెంత, పరువెంత, కులమేమిటి, అన్నీ అడిగినవాళ్లకి తెలిసిపోతాయి. ప్రవర చెప్పుకునే ఇళ్లలో ఋషులూ గోత్రమూ సూత్రమూ శాఖా అన్నీ అయ్యాకే మనిషి పేరు వస్తుంది. ఊళ్లో ఈ పద్ధతి చెల్లడానికి కారణం ఉంది. చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి అక్కడ నలుగురున్నారు. తాత మాట తప్పని మనిషైతే మనవడికీ కాస్త అప్పు పుడుతుంది. తాత కులం తక్కువని ఊరు అనుకుంటే, మనవడు నోరు విప్పకముందే అతని లెక్క తేలిపోతుంది. ఆ రెండోది మనం అంత తొందరగా ఒప్పుకోం.

ఈ పద్ధతి చెక్కుచెదరకుండా మిగిలింది పెళ్లి బయోడేటాలో. గోత్రం, నక్షత్రం, ఎత్తు, రంగు, తండ్రి ఉద్యోగం, అన్నదమ్ముల ఉద్యోగాలు, ఇప్పుడైతే వీసా కూడా. అదే అబ్బాయి మిచిగన్‌లో ఉద్యోగానికి రెజ్యూమె పంపితే వీటిలో చాలావరకు మాయమవుతాయి. ఈ రాష్ట్రంలో ఎలియట్-లార్సెన్ పౌరహక్కుల చట్టమని 1976 నాటిది ఒకటుంది. మతం, జాతి, వయసు, పెళ్లయిందా లేదా అన్నవాటితోపాటు ఎత్తునీ బరువునీ కూడా చూసి ఉద్యోగంలో తేడా చూపకూడదంటుంది ఆ చట్టం. ఎత్తునీ బరువునీ పేరుపెట్టి చెప్పిన రాష్ట్రాలు అమెరికాలో అరుదు. సంబంధం చూసేవాళ్లు ముందుగా అడిగేదాన్ని ఉద్యోగమిచ్చేవాళ్లు అడగనే కూడదు. మనిషి ఒక్కడే, కానీ కాగితం ఎవరి చేతికి వెళ్తుందన్నదాన్నిబట్టి అతని గురించిన నాలుగు ముక్కలూ మారిపోతాయి.

ఎన్నికల కరపత్రం ఈ రెండింటికీ మధ్యలోది. అందులో కుటుంబం ఉండాలి, చదువూ ఉద్యోగమూ ఉండాలి, అయినా తాత పేరు ఎందుకూ కొరగాదు. ట్రాయ్ 1955లో నగరమైంది. ఇప్పుడు ఎనభై వేలకు పైగా జనం, అందులో నాలుగోవంతుకు పైనే ఆసియా మూలాలవాళ్లు. చాలామంది కార్ల పరిశ్రమను నమ్ముకుని ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు. ఇక్కడివాళ్లు తమ ఊరెక్కడో చెప్పడానికి అరచేయి ఎత్తి చూపిస్తారు. రాష్ట్రంలో పెద్ద భాగం చేతి తొడుగు ఆకారంలో ఉంటుంది కాబట్టి బొటనవేలి మొదలు దగ్గర వేలు పెడితే ట్రాయ్ వచ్చేస్తుంది. ఆ చేతిమీద గుంటూరూ లేదు, కరీంనగరూ లేదు. మరి మన కుటుంబం సంగతి ఇక్కడ ఎందుకు చెప్పుకోవాలి?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు, ఈ ఊరి నుంచి రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికైన కుప్పా పద్మ గారి ప్రజాజీవితం. చిన్నతనంలోనే అమెరికా వచ్చి, మళ్లీ ఇండియా వెళ్లి, వరంగల్ ఆర్‌ఈసీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. పైచదువులకు తిరిగి అమెరికా చేరి, చివరికి ట్రాయ్‌లో స్థిరపడ్డారు. కార్ల కంపెనీలోనూ ఐటీలోనూ ప్రాజెక్టులు నడిపారు. ఇక్కడిదాకా ఈ ప్రాంతంలో మనవాళ్లు చాలామంది చెప్పుకోగల కథే.

అసలు సంగతి 2005లో జరిగింది. అమెరికాలో ఏటా మే నెల మొదటి గురువారం జాతీయ ప్రార్థనా దినం. ఆ ఏడు ట్రాయ్‌లో జరిగే కార్యక్రమంలో హిందూ ప్రార్థన కూడా చేస్తామని ఆవిడ అడిగితే, నిర్వాహకులు కుదరదన్నారు. కోపం తెచ్చుకుని ఇంట్లో కూర్చోవడానికి అది చాలు. ఆవిడ మాత్రం వేర్వేరు మతాలవాళ్లను కూడగట్టుకుని అందరికీ చోటుండే ప్రార్థన ఏర్పాటు చేశారు. ట్రాయ్ ప్రాంత సర్వమత బృందం అలా పుట్టింది. ఆ తర్వాత నగర ప్లానింగ్ కమిషన్‌లో పనిచేశారు. ఏ స్థలంలో ఏం కట్టనివ్వాలి, ఏ రోడ్డు మీద ఎంత రద్దీ పెరుగుతుంది లాంటివి తేల్చే పని అది. చప్పట్లు పడే పని కాదు.

2018లో ట్రాయ్, క్లాసన్ ఊళ్లు కలిసిన 41వ నియోజకవర్గం నుంచి డెమొక్రాట్‌గా మిచిగన్ ప్రతినిధుల సభకు పోటీ చేసి గెలిచారు. అంతకుముందు అది రిపబ్లికన్ల చేతిలో ఉన్న స్థానం. మిచిగన్ శాసనసభలో అడుగుపెట్టిన తొలి హిందువని పత్రికలు రాశాయి. 2020లో మళ్లీ గెలిచారు. 2022లో రాష్ట్ర సెనేట్‌కు నిలబడి స్వల్ప తేడాతో ఓడిపోయారు. పరిచయం ఎంత బాగున్నా ఓట్లు రాల్చే మంత్రం కాదు.

ఆవిడ కథను నేను అర్థం చేసుకున్న తీరు చెబుతాను. మనమెవరమో తెలియని ఊళ్లో నాలుగు ముక్కలూ పుట్టుపూర్వోత్తరాలుగా పనికిరావు. పూచీగా పనికొస్తాయి. “మా పిల్లలు ఇక్కడి బళ్లలోనే చదువుతున్నారు” అంటే అది వంశం గొప్ప చెప్పుకోవడం కాదు, బడి పాడైతే నాకూ నష్టమేనని ఒప్పుకోవడం. ఇంజనీరింగ్ చదివానంటే ర్యాంకు వినిపించడం కాదు, ప్లాను కాగితం చేతికిస్తే చదవగలనని మాటివ్వడం. ప్రాజెక్టులు నడిపానంటే గడువూ బడ్జెట్టూ దాటితే నన్నడగొచ్చని చెప్పడం. ఇక విలువల సంగతి. “అన్ని మతాలనూ గౌరవిస్తాను” అని ఎవరైనా రాయొచ్చు. 2005లో తలుపు మూసుకుంటే ఈవిడ ఏం చేశారో రాస్తే ఆ వాక్యం అవసరమే ఉండదు.

అందుకే ఇప్పుడు వివరాలు పంపినవాళ్లను నేనొకటే అడుగుతున్నాను. “మీరు లేకపోతే ఇక్కడ ఏ పని ఆగిపోయేది?” చాలామంది వెంటనే చెప్పలేరు. కాసేపు మాట్లాడిస్తే బయటికొస్తుంది. ఒకాయన జనవరి చలిలో కొత్తగా దిగే కుటుంబాల కోసం కారు డిక్కీలో పిల్లల కోట్లు పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్తాడు. ఒకావిడ పక్కింటి అమెరికన్ ముసలాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. “అవేం రాస్తామండీ, అందరూ చేసేవే కదా” అంటారు. అందరూ చేసేవైతే ఇంత చలిలో ఇన్ని కుటుంబాలు టాక్సీ కోసం ఎందుకు నిలబడతాయి?

రాసేవాళ్లకే కాదు, అడిగేవాళ్లకీ ఇందులో వంతుంది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో కొత్తవాళ్లు కనబడితే మన ప్రశ్నలు తెలిసినవే. ఏ జిల్లా, ఏ కంపెనీ, గ్రీన్ కార్డు వచ్చిందా. మొదటిదాని వెనక కులం ఆరా చాలాసార్లు నక్కి ఉంటుందని అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. మనం అవే అడిగినంత కాలం జనం వాటికే జవాబులు సిద్ధం చేసుకుంటారు, కరపత్రాల్లోనూ అవే అచ్చవుతాయి. “ఈ ఊళ్లో మీకు ఏది బాగుచేయాలనిపిస్తోంది?” అని ఒక్కసారి అడిగి చూడండి. మొదట వింతగా చూస్తారు. తర్వాత చెప్పడం మొదలుపెడితే ప్లేటులో పులిహోర చల్లారినా ఆపరు.