చలికాలపు కథ, ఎండాకాలపు ప్రమాదం
‘ఫైవ్ ఫీట్ అపార్ట్’ చిత్రంపై ఒక వైజ్ఞానిక సమీక్ష

జస్టిన్ బాల్డోనీ దర్శకత్వంలో 2019లో విడుదలైన ‘ఫైవ్ ఫీట్ అపార్ట్’ అనే అమెరికన్ చిత్రాన్ని మన కళాశాల విద్యార్థులలో కొందరైనా చూసి ఉంటారు. స్టెల్లా, విల్ అనే ఇద్దరు యువతీయువకులు ఒకే ఆసుపత్రిలో చికిత్స పొందుతుంటారు. ఇద్దరికీ ఉన్నది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి. ఒకరి నుండి మరొకరికి సూక్ష్మజీవులు సోకే ప్రమాదం ఉన్నందున వారు దగ్గరకు రాకూడదు. ఒక రాత్రి ఆసుపత్రి ఈతకొలను గట్టున నిలబడి ఒకరికొకరు తమ శస్త్రచికిత్సల మచ్చలు చూపుకుంటారు. చిత్రం మొత్తంలో నిజాయితీగల ఘట్టం అదేనని నా అభిప్రాయం. చివరి భాగంలో మంచు కురుస్తుంది, గడ్డకట్టిన చెరువు పగిలి స్టెల్లా అందులో పడిపోతుంది. ఈ రెండు ఘట్టాలలోనూ నీరు ఉంది. ఎండ మాత్రం ఎక్కడా లేదు.

ఎండ లేకపోవడం దర్శకుని తప్పు కాదు. ఆయన చలికాలపు కథను ఎంచుకున్నాడు. కాని ఈ వ్యాధిని గురించి మన దేశపు విద్యార్థికి తెలిసేది ఈ చిత్రం ద్వారానే అయితే, అతనికి సగం వ్యాధి మాత్రమే తెలుస్తుంది. ఆ రెండో సగం గురించే ఈ సమీక్ష.

ముందుగా చిత్రానికి దక్కవలసిన మెప్పు. ఊపిరితిత్తులలో పేరుకునే జిగట శ్లేష్మం, దానిని కదిలించడానికి ఛాతీకి తొడిగే కంపన కవచం, బండెడు మందులు, ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూపు - ఇవన్నీ శ్రద్ధగా చూపించారు. విల్ ఊపిరితిత్తులలో చేరిన ‘బర్క్‌హోల్డేరియా సెపేషియా’ నిజంగానే ఈ రోగులు భయపడే సూక్ష్మజీవి. ఈ రోగులు తమలో తాము కనీసం 6 అడుగుల దూరం పాటించాలని అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2013లో సూచించింది. వ్యాధి తమ నుండి లాగుకున్న దానిలో ఒక అడుగైనా తిరిగి తీసుకుంటానని స్టెల్లా ఆ 6ను 5 చేస్తుంది. కథగా ఇది ఆకట్టుకుంటుంది. నియమాన్ని ఉల్లంఘించడమే ప్రేమకు కొలత అన్న భావన మాత్రం, అదే నియమం మీద బతుకుతున్న పిల్లలకు మేలు చేసేది కాదు.

ఇక చిత్రంలో చోటు దక్కని ఉప్పు విషయం. నుదుటిని ముద్దాడితే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువకాలం బతకదన్న నమ్మకం ఐరోపా జానపదులలో ఎంతో కాలంగా ఉండేది. 1938లో డొరొతీ ఆండర్సన్ ఈ వ్యాధిని క్లోమ గ్రంథి వ్యాధిగా స్పష్టంగా వర్ణించినప్పుడు కూడా ఉప్పు సంగతి ఎవరికీ తట్టలేదు. 1948 వేసవిలో న్యూయార్క్ నగరాన్ని వడగాడ్పులు చుట్టుముట్టాయి. వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ వ్యాధిగ్రస్తులు ఎక్కువగా ఉండటం అక్కడి వైద్యుల కంటబడింది. వారిలో ఒకరైన పాల్ డి సాంట్ ఆగ్నీస్ ఆ పిల్లల చెమటను పరీక్షించి, అందులో సోడియం, క్లోరైడ్ అసాధారణంగా హెచ్చుగా ఉన్నాయని సహచరులతో కలిసి 1953లో ప్రకటించాడు. ఈనాటికీ ఈ వ్యాధిని నిర్ధారించే ప్రధాన పరీక్ష చెమట పరీక్షే. అంటే ఈ వ్యాధి గుట్టు బయటపడింది మండుటెండలో. మంచు కురిసే సన్నివేశం కంటే ఇది తక్కువ నాటకీయమైనదేమీ కాదు.

కారణం ఏమిటో చూద్దాం. స్వేదగ్రంథి అడుగున ఉన్న చుట్టలో తయారయ్యే ద్రవం ఉప్పదనంలో రక్తపు ద్రవానికి దాదాపు సమానం. అది సన్నని నాళం గుండా చర్మం మీదికి వచ్చే దారిలో సోడియం, క్లోరైడ్‌లను శరీరం తిరిగి పీల్చుకుంటుంది. అందుకే మామూలు మనిషి చెమట పలుచన. క్లోరైడ్ వెనక్కు వెళ్ళే ద్వారం సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్. దీని జన్యువును 1989లో కనుగొన్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఈ ద్వారం పనిచేయదు. క్లోరైడ్ ఆగిపోతే సోడియం కూడా దానితోపాటే మిగిలిపోతుంది. స్వేదనాళం క్లోరైడ్‌ను పోనివ్వకపోవడమే అసలు లోపమని 1983లో చూపించిన పాల్ క్వింటన్ స్వయంగా ఈ వ్యాధిగ్రస్తుడు. తన చెమటనే తాను ప్రశ్నించిన ఈ శాస్త్రవేత్త మీద ఎవరూ చిత్రం తీయలేదు!

పరీక్షలో చెమట క్లోరైడ్ లీటరుకు 30 మిల్లీమోల్‌ల లోపు ఉంటే వ్యాధి ఉండే అవకాశం తక్కువ. 60 లేక అంతకు మించితే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. రోగులలో 100 దాకా ఉండటం మామూలే. 100 మిల్లీమోల్‌ల సోడియం క్లోరైడ్ బరువు ఎంతో విద్యార్థులు లెక్క కట్టవచ్చు: 5.85 గ్రాములు. ఒక లీటరు చెమటతో సుమారు ఒక టీ చెంచాడు ఉప్పు పోతుందన్నమాట.

ఉప్పు పోతే దాహం వేయదా? ఇక్కడే చిక్కు ఉంది. ఆరోగ్యవంతునికి చెమట పట్టినప్పుడు ఉప్పు కంటే నీరే ఎక్కువగా పోతుంది, రక్తం చిక్కబడుతుంది, మెదడులోని హైపోథలామస్ దానిని పసిగట్టి దాహం పుట్టిస్తుంది. ఈ పిల్లలలో నీటితోపాటు ఉప్పు కూడా పోవడం వల్ల రక్తం అంతగా చిక్కబడదు, దాహపు గంట మోగదు. కెనడాలో ఓడెడ్ బార్-ఓర్ బృందం 1992లో ప్రకటించిన పరిశీలనలో, వేడి గదిలో వ్యాయామం చేసిన సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలు తక్కిన పిల్లల కంటే తక్కువ నీరు తాగి, ఎక్కువ బరువు కోల్పోయారు. నీరు అందుబాటులోనే ఉంది, తాగాలనే అనిపించలేదు. ఉప్పు, రుచి కలిపిన పానీయం ఇస్తే ఎక్కువ తాగుతారని తర్వాతి పరిశీలనలు చూపాయి. ‘దాహం వేసినప్పుడు తాగుతాడులే’ అన్న పెద్దల మాట ఈ పిల్లల విషయంలో చెల్లదు. వేసవిలో గోడల మీద కనిపించే ‘నీళ్ళు బాగా తాగండి’ అన్న ప్రకటన కూడా వీరికి అసంపూర్ణమే. ఉప్పు లేకుండా ఉత్త నీరే పట్టిస్తే రక్తంలో సోడియం ఇంకా పడిపోతుంది. మన ఇళ్ళలోని ఉప్పు వేసిన మజ్జిగ, ఊరగాయ అన్నం వీరికి ముప్పు కాదు, సాయమే. అయినా ఏ వయసుకు ఎంత ఉప్పు అదనంగా కావాలన్నది చికిత్స చేసే వైద్యుడు తేల్చవలసినదే.

ఈతలో ఈ ప్రమాదం మరింత మరుగున పడుతుంది. మైదానంలో ఆడిన పిల్లవాని నుదుటి మీద, చొక్కా మీద తెల్లని ఉప్పు పొడి పేరుకుంటుంది. తల్లి చూసి గుర్తుపడుతుంది. కొలనులో ఆ ఆనవాలును నీరే కడిగేస్తుంది. నీరు చల్లగా ఉంటే చెమట తక్కువే. కాని మే నెలలో వెచ్చబడిన కొలనులో గంటసేపు ఈది, ఆపై గట్టున ఎండలో ఆడే పిల్లవాడికి చెమట పడుతోందన్న సంగతే తెలియదు. నీరసం, తలనొప్పి, వాంతి, కండరాల పట్టివేత కనబడేసరికి ఆలస్యమై ఉంటుంది. ఈ పిల్లలు తరచుగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందుల వల్ల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అలాగని ఈత మాన్పించమని కాదు. ఈత ఊపిరితిత్తులకు మంచి వ్యాయామం. ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద పలకలతో ఆడే రోగుల ఊపిరితిత్తులు మెరుగ్గా ఉంటున్నాయని గమనించిన వైద్యులు, 7 శాతం ఉప్పునీటి ఆవిరిని పీల్పించి చూశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఈనాడు అది ప్రామాణిక చికిత్సలలో ఒకటి. చర్మం గుండా పోగొట్టుకునే ఉప్పే శ్వాస ద్వారా లోపలికి వెళ్ళి శ్లేష్మాన్ని కరిగించడం విచిత్రం కాదా? క్లోరిన్ సరిగా కలిపి శుభ్రంగా ఉంచిన కొలను సాధారణంగా ఫరవాలేదు. వేడినీటి తొట్టెలు, నిలవ నీరు వద్దంటారు. వాటిలో ‘సూడోమోనాస్’ పెరుగుతుంది.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి వస్తుంది. చిత్రంలో ప్రతినాయక పాత్ర వహించిన సెపేషియాకు దగ్గరి బంధువు ఒకటుంది, ‘బర్క్‌హోల్డేరియా సూడోమల్లై’. మెలియాయిడోసిస్ అనే తీవ్ర వ్యాధిని కలిగించే ఈ సూక్ష్మజీవి ఉష్ణమండలపు తడి నేలలో, వరిమళ్ళ బురదలో, మురికి నీటిలో నివసిస్తుంది. దక్షిణ భారతంలోనూ ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు ఇది సోకిన సందర్భాలు నమోదయ్యాయి. చెరువులో, పంటకాలువలో ఈత నేర్చుకునే మన పిల్లలలో ఈ వ్యాధి ఉన్నవారికి ‘కొలను, చెరువు ఒకటే’ అనడానికి వీలులేదు. అమెరికన్ చిత్రం ఈ మాట చెప్పాలని ఆశించలేం. మనం రాసుకునే పుస్తకాలైనా చెప్పాలి కదా!

అవీ చెప్పడం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి జీవశాస్త్ర పుస్తకంలో మెండెల్ సూత్రాలననుసరించే వ్యాధుల వరుసలో సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరు ఉంది. ఆ వెంటనే హీమోఫీలియాకు, వర్ణాంధత్వానికి, సికిల్‌సెల్ రక్తహీనతకు, ఫినైల్ కీటోన్యూరియాకు, తలసీమియాకు విడివిడిగా వివరణ ఇచ్చారు. దీనికి మాత్రం లేదు. ఇది తెల్లవారి వ్యాధి అన్న పాత అభిప్రాయం నీడ ఇందులో ఉందేమోనని అనుమానం. భారతీయులలో ఈ వ్యాధి ఉందని, గుర్తింపే తక్కువని దిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ వంటి చోట్ల వైద్యులు ఎంతో కాలంగా చెబుతున్నారు. 2019 చివరలో అమెరికాలో ఆమోదం పొందిన మూడు మందుల మిశ్రమం సీఎఫ్‌టీఆర్ ద్వారాన్నే కొంతవరకు తెరిపించి, చెమటలో క్లోరైడ్‌ను తగ్గిస్తుంది. విడుదలైనప్పుడు దాని ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాటే.

మన దేశంలో ఈ వ్యాధి కొన్నిసార్లు దగ్గుతో గాక వేసవిలోనే మొదట బయటపడుతుంది. వాంతులతో, నీరసంతో పసిబిడ్డను తెస్తారు. అతిసారమని, వడదెబ్బని అనుకుంటారు. అతిసారంలో సాధారణంగా రక్తం ఆమ్లగుణం వైపు జరుగుతుంది. ఈ బిడ్డలో సోడియం, క్లోరైడ్, పొటాషియం మూడూ తగ్గి రక్తం క్షారగుణం వైపు జరిగి ఉంటుంది. ఆ తేడాను గమనించిన వైద్యుడు తల్లిని అడిగే ప్రశ్న ఒకటే: బిడ్డను ముద్దాడితే ఉప్పగా ఉంటుందా?