మనిషి లేని పడవ కోసం

రేపటి యుద్ధాల మీద నవల రాసేవాళ్ల దృష్టి ముందు ఆయుధం మీదికి పోతుంది. అది ఎంత దూరం కొడుతుంది, దానికి విరుగుడేమిటి అని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆజ్ఞ ఎవరిదన్న సంగతి అని నా వాదన. బహ్రెయిన్‌నే చూడండి. అమెరికా ఐదో నౌకాదళ కేంద్రం అక్కడే, జుఫేర్‌లో ఉంది. మనిషి లేని పడవలనూ కృత్రిమ మేధనూ సముద్ర నిఘాలో వాడేందుకు 2021 సెప్టెంబరులో అక్కడ టాస్క్ ఫోర్స్ 59 ఏర్పడింది. మరుసటి ఏడాది ఆగస్టు 29 రాత్రి, ఇరాన్ రివల్యూషనరీ గార్డుల ఓడ షహీద్ బాజియార్ అలాంటి సెయిల్‌డ్రోన్ ఒకదానికి తాడు కట్టి లాక్కుపోసాగింది. ఏడు మీటర్ల పడవ. గాలితో నడుస్తుంది, కెమెరాలకూ రాడార్‌కూ ఎండే కరెంటు. అమెరికా గస్తీ ఓడ థండర్‌బోల్ట్ వెంటపడింది, బహ్రెయిన్ నుంచి హెలికాప్టర్ లేచింది. సుమారు నాలుగు గంటల తరవాత ఇరాన్ వాళ్లు తాడు వదిలేసి వెళ్లారు. అందులో ఉన్నది బజారులో దొరికే సరంజామాయే, రహస్యమేమీ లేదని అమెరికా తరవాత చెప్పింది. లోపల ఒక నావికుడుంటే ఏం చెయ్యాలో ఎవరికీ సందేహం ఉండదు. ఖాళీ పడవ కోసం రెండు ఓడల్లోని మనుషుల ప్రాణాలు ఎంతవరకు ఒడ్డాలి, ఆ ఆజ్ఞ ఎవరిది? నవలాకారుడికి కావలసిన బరువంతా ఆ నాలుగు గంటల్లో ఉంది.

ఇది వార్త, సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుందని అడగవచ్చు. వియత్నాంలో గాయపడిన జో హాల్డెమన్ 1974లో ‘ది ఫరెవర్ వార్’ రాశాడు. కాంతివేగానికి దగ్గరి వేగంతో ప్రయాణించి తిరిగొచ్చిన సైనికుడికి ఇంటిదగ్గర శతాబ్దాలు గడిచిపోయి ఉంటాయి. తిరిగొచ్చినవాడి పరాయితనం ఆ భౌతికశాస్త్రం లోంచే పుట్టింది. ఖాళీ పడవలోంచీ అలాంటిదే పుట్టగలదు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. హాల్డెమన్ సైనికుడు, మరో సైన్స్ ఫిక్షన్ రచయిత హైన్‌లైన్ నౌకాదళ అధికారి. యూనిఫాం ఎరగని తెలుగు రచయిత ఏం రాస్తాడు? ఇందులో నిజముంది, కాల్పుల మధ్య మనిషి లోపల ఏమవుతుందో ఊహతో పూర్తిగా అందదు. అయితే యుద్ధానికి ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి మనకు తెలిసినంతగా ఈ తరహా సైన్స్ ఫిక్షన్‌లో పేరున్న చాలామందికి తెలియదు. 1990లో కువైట్ ఆక్రమణ తరవాత లక్షా డెబ్బైవేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి ఇవాళ్టికీ మనవాళ్లు గల్ఫ్‌కు పనులకు పోతున్నారు. కాల్చాలా వద్దా అన్నది యంత్రమే తేల్చే రోజున, ఆ ఒడ్డున రేవులో సరుకు దించుతున్న కూలీ తనకు ఎంత ప్రమాదమో ఎవరిని అడగాలి, ఏ భాషలో? మన భాషలో ఈ నవల అక్కడ మొదలవ్వాలని నా కోరిక.