జానెడు వేపపుల్ల

మాది కనిగిరి సీమలోని యొక మెట్టపల్లె. వేసవిలో చెరువు నెఱ్ఱెలు విచ్చినను, దిగుడుబావిలో నీరడుగంటినను, పచ్చదనమును విడువక నిలిచియుండునది మా యింటిముందరి వేపచెట్టొక్కటే. తెల్లవారకమునుపే మా తాతగారు దాని క్రింద నిలిచి, చేతికందిన కొమ్మలనెల్ల పరికించి, మరీ లేతదియు మరీ ముదురుదియు గాక, కణుపులును పురుగు తొలిచిన జాడలును లేక, చిటికెనవ్రేలి లావున నున్న రెమ్మ నొకదానిని ఎంచి, జానెడు పొడవున విరిచి, ఆకులు దూసి, అరుగుమీద కూర్చుండి నమల నారంభించెడివారు. ఆ పనికెంత కాలము పట్టెడిదో గడియారముతో కొలిచినవారు లేరు. మా నాయనమ్మ కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, లోనికి పోవునప్పటికిని ఆయన నోట పుల్ల యుండెడిది. ప్రక్కన కూర్చున్న నేను తొందరపడి, కొన యింకను బిరుసుగా నున్నప్పుడే పండ్లమీద రుద్దబోగా, "ఆగరా అబ్బాయ్, పుల్ల మెత్తబడనీ. గట్టిపుల్లతో తోమితే చిగుళ్ళు ఊరుకుంటాయా?" అని నా చేయి పట్టుకొనెడివారు.

ఆయన వైద్యశాస్త్రము చదివినవారు కారు. అయినను ఆ జానెడు కొలత వెనుక నెంత ప్రాచీనమైన అనుశాసనము కలదో, పెద్దవాడనైన పిదప సుశ్రుతసంహితలోని చికిత్సాస్థానము చదివినప్పుడు గాని నాకు తెలియలేదు. దంతకాష్ఠము 12 అంగుళముల పొడవును, కనిష్ఠికాంగుళి లావును కలిగి, కణుపులును గాయములును లేక తిన్ననిదై యుండవలెనని యచ్చట విధింపబడినది. వ్రేలి వెడల్పును అంగుళముగ కొలుచు ఆ లెక్కలో జానెడనగా పన్నెండంగుళములే కదా. చేదుచెట్లలో వేపయు, వగరుచెట్లలో చండ్రయు, తీపిచెట్లలో ఇప్పయు, కారపుచెట్లలో కానుగయు శ్రేష్ఠములని యాచార్యుడు ఏర్పరచి, మెత్తని కుంచెవంటి కొనతో నొక్కొక్క దంతమును వేరువేరుగ, చిగుళ్ళకు బాధ కలుగకుండ తోమవలెనని చెప్పెను. నోటిపూత, దగ్గు, వాంతి మున్నగువానితో బాధపడువారు పుల్లను ముట్టరాదని నిషేధమును గూడ చేర్చెను. గ్రంథము నెన్నడును విప్పియెరుగని మా తాతగారి నోటిమాటయే యా పుటలో సంస్కృతమున కనబడినప్పుడు, శాస్త్రము తాళపత్రములయందు మాత్రమే గాక, రెమ్మను విరుచు వ్రేళ్ళయందును తరతరములుగ బ్రతికియుండునను సంగతి నా హృదయమునకు తాకినది.

ఆ నమలుటయందే సగము వైద్యము కలదు. మనము తిన్న తీపిని పంటిపాచిలోని సూక్ష్మజీవులు తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపై నున్న పింగాణివంటి పొరను కరగించి పిప్పికి దారితీయును. దాని నెదిరించుటకు ప్రకృతి మనకిచ్చిన మొదటి రక్ష లాలాజలము. చేదుపుల్లను నమలినకొలది నోట నీరూరి, ఆమ్లము విరిగి, కరగిన లవణములు కొంతవరకు పంటికి తిరిగి చేరును. వేపరసము నోటి సూక్ష్మజీవులను కొంత అణచునని ప్రయోగశాలలలోను కనబడినది. పిమ్మట పుల్లను నిలువున చీల్చి, విల్లువలె వంచి నాలుక గీచుకొని, నీటితో పుక్కిలించి, ఆ చీలికలను కడిగి పారవేయుటతో దంతధావనము ముగిసెడిది. భోజనానంతరము నోరు పుక్కిలింపనివానిని మా నాయనమ్మ పీటమీదినుండి లేచి లోపలికి రానిచ్చెడిది కాదు. ఆ నియమము విలువ కూడ ఈ ఆమ్లముల కథ తెలిసిన పిదపనే నాకు బోధపడినది.

ఇంత శ్రద్ధగా తోముకొనిన మా తాతగారి పండ్లు ఎనుబది యేండ్ల వయస్సున చెరకుగడను విరుచునంత గట్టివి. కాని తెల్లనివి కావు. గోధుమవన్నె చారలు వానిపై అడ్డముగ పరచుకొనియుండెడివి. ఆ చారలు నా పండ్లమీదను ఉండెను, మా పల్లెలోని పిల్లలందరి పండ్లమీదను ఉండెను. ఉన్నతపాఠశాలకని ఒంగోలు పోయినప్పుడు, పండ్లు తోముకొనని వాడని తోడి విద్యార్థులు నన్ను చూచి నవ్విరి. సూర్యోదయమునకు ముందే లేచి పుల్ల నమలిన నన్ను అట్లనుట నాకు దుస్సహమయ్యెను. నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట ఆనాడే అలవడినది. ఆ మచ్చలు పోగొట్టవలెనని ఇటుకపొడి నూరి, ఉప్పు కలిపి, నెలల తరబడి, చిగుళ్ళనుండి నెత్తురు వచ్చునంతగా రుద్దుకొంటిని. మచ్చ పోలేదు. పండ్ల మెరుగు పోయినది. నడివయస్సు వచ్చునప్పటికి చల్లని నీరు తగిలినను జివ్వుమని లాగుట మొదలైనది.

అప్పుడు నా నోరు చూచిన దంతవైద్యురాలు మృదువుగా చెప్పిన మాటలు నేటికిని మరువలేను: "మాస్టారూ, ఈ మచ్చ పైన పట్టింది కాదండీ. పన్ను బయటికి రాకముందే లోపల పడింది. ఎంత తోమినా పోయేది కాదు." మా నేల రాళ్ళలోనిదై, బావినీటిలో కరగి, మా కడుపులలోనికి చేరిన ఫ్లోరైడు చేసిన పని యది. ఎనిమిదేండ్ల లోపున, శాశ్వతదంతములు దవడలో రూపుకట్టుచున్న కాలమున, అధికముగ ఫ్లోరైడు గల నీరు త్రాగిన బిడ్డలకు ఈ చారలు వచ్చును. ఏండ్లకొలది త్రాగినచో ఎముకలును కీళ్ళును బిగిసిపోవును. అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి యున్నదని షార్టు మున్నగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. 1970లో ఒంగోలు కేంద్రముగ వేరు జిల్లా ఏర్పడువరకు మా కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోనిదే. నల్లగొండ ప్రజల బాధ ఇంకను దారుణమైనది. పటికయు, సున్నమును, బ్లీచింగు పొడియు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) వారు నల్లగొండ పేరే పెట్టిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును, వేరొక నీటి ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాములను మించరాదని మన దేశ ప్రమాణము.

నాటినుండి "ప్రకృతిసిద్ధము" అను మాటను నేను విచారింపక ఉచ్చరింపను. వేపయు ప్రకృతియే; ఫ్లోరైడును ప్రకృతియే. ఇటుకపొడిలోని ఇసుకయు ప్రకృతియే. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోస్ మానమున పంటిపొర యించుమించు 5వ మెట్టున నుండగా, ఇసుకలోని స్ఫటికము 7వ మెట్టున నున్నది. కనుక ఇసుక పంటిని గీయక మానదు. అరిగిన పొరను మరల అల్లు కణములు పన్ను మొలచునప్పటికే నశించియుండును. బొగ్గుపొడియు, కచ్చికయు నలుసులు మిగులునట్లు నూరినప్పుడు ఇట్టి హానినే చేయును. పొగాకు కలిపిన పండ్లపొడులు అంతకంటె ఘోరమైనవి. వానిని మన ప్రభుత్వము 1992లో నిషేధించుట న్యాయమే. లవంగనూనె పంటిపోటును కొంతసేపు మరపించును గాని పిప్పిని పూడ్చదు. నువ్వులనూనె పుక్కిలించుట నోటికి హాయి కూర్చును. అది తోముటకు తోడు కాగలదే గాని బదులు కాజాలదు.

మన పూర్వులు చెప్పినదానిలో మనము సగమే నిలుపుకొంటిమన్న దుఃఖము కూడ నాకు కలదు. చరకుడు దంతధావనమును రెండు కాలములయందు విధించెను. మనము ఉదయమును మాత్రము నిలుపుకొని రాత్రిని విడిచితిమి. నిద్రలో లాలాజలము తగ్గిపోవును గనుక, తిన్న తీపి పండ్లనంటియుండగా పరుండుట పిప్పిని చేతులార పెంచుటయే. ఇప్పుడు నేను ఉదయము పుల్లయు, రాత్రి మెత్తని కుంచెతో ఫ్లోరైడు గల పేస్టును వాడుచున్నాను. మా పల్లెను గాసిపెట్టిన యా ఫ్లోరైడే, మ్రింగక పంటిపై పూతగ నిలిపినప్పుడు పొరను గట్టిపరచును. విషమైనదియు ఔషధమైనదియు పదార్థమొక్కటే. మాత్రయు, మార్గమును వేరు. చిన్నబిడ్డలకు బియ్యపుగింజంతయు, మూడేండ్లు దాటినవారికి బఠాణీగింజంతయు పేస్టు చాలును. దానిని ఉమ్మివేయుట నేర్పవలెను.

మొన్న ఉగాదికి మనుమడు వచ్చినప్పుడు, పచ్చడిలోనికి పూత కోయుటకు పోయిన నా వెంటబడి, తనకును ఒక పుల్ల కావలెనని పట్టుపట్టెను. చిటికెనవ్రేలు చూపి లావును, అరచేయి చాచి జానను నేర్పి, వాని చేతనే యొక రెమ్మ విరిపించితిని. అరుగుమీద నా ప్రక్కన కూర్చుండి, చేదుకు కన్నులు మూసి, వాడు నవ్వినప్పుడు చారయొక్కటియు లేని తెల్లని పలువరుస మెరిసినది. ఆ తెలుపు వేప యిచ్చినది కాదు, మంచినీరిచ్చినది. మా తాతగారికిని, నాకును దొరకని యా భాగ్యము వానికి దొరికినందుకు చెట్టునకు గాక నీటికే మ్రొక్కుకొంటిని. ఇంతలో వాడు కొన నలుగకమునుపే పుల్లను పంటిమీదికి తెచ్చెను. నా చేయి దానంతటదే ముందునకు సాగి వాని మణికట్టు పట్టుకొనినది.

"ఆగరా అబ్బాయ్," అంటిని, "మెత్తబడనీ."

వాడు పుల్లను మరల దవడక్రిందికి త్రోసి, కాళ్ళూపుచు, నమలసాగెను.